పాత పికప్ ట్రక్కు ఛాసీ రివెట్లు ఊడదీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పికప్ ట్రక్కు ఛాసీని బాగుచేయడానికి పూనుకున్నవారికి ఎక్కడో ఒకచోట రివెట్లు అడ్డం పడతాయి. కమాన్ బ్రాకెట్ (కమాన్ స్ప్రింగ్‌ను ఛాసీకి పట్టి ఉంచే భాగం) మార్చాలన్నా, తుప్పు తినేసిన క్రాస్ మెంబర్‌ను (రెండు పక్క దూలాలను కలిపే అడ్డ దూలాన్ని) తీయాలన్నా ముందుగా వాటిని ఊడదీయక తప్పదు. ఈ పని గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందున, వాటిని పని జరిగే దశలనుబట్టి ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. జవాబుల్లో రివెట్‌కు రెండు కొసల ఉబ్బెత్తుగా కనిపించే భాగాన్ని "తల" అనీ, రేకుల మధ్య రంధ్రంలో దాగి ఉండే భాగాన్ని "కాడ" అనీ, ఛాసీకి పొడవునా సాగే రెండు పక్క దూలాలను "చానళ్లు" అనీ అన్నాము.

## పని మొదలుపెట్టక ముందు

రివెట్లు ఇంత మొండిగా ఎందుకుంటాయి? బోల్టులా ఎందుకు ఊడిరావు?

బోల్టుకూ దాని రంధ్రానికీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. రివెట్‌కు ఆ ఖాళీ ఉండదు. రివెట్‌ను ఎర్రగా కాల్చి కొట్టినా, చల్లగానే భారీ ప్రెస్‌తో నొక్కినా, రెండో తల ఏర్పడే క్రమంలో కాడ కూడా లావెక్కి రంధ్రాన్ని పూర్తిగా నింపేస్తుంది. కాల్చి కొట్టిన రివెట్ చల్లారుతూ పొడవు తగ్గి, రెండు రేకులనూ గట్టిగా దగ్గరికి లాగి పట్టుకుంటుంది. పైగా రెండు రేకుల రంధ్రాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం అరుదు కాబట్టి, కాడ ఆ తేడానంతా నింపుకుని మధ్యలో చిన్న మెట్టులా తయారవుతుంది. దానిమీద దశాబ్దాల తుప్పు చేరుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాడ చుట్టూ మరింత బిగుసుకుంటుంది. అందుకే తల తీసేసిన తరువాత కూడా రివెట్ కదలదు. మొండితనమంతా కాడలో ఉంటుందని ముందే గ్రహించినవారు తలమీద వృథాగా శక్తి ఖర్చుపెట్టరు.

తయారుచేసినవాళ్లు వెల్డింగ్ చేయకుండా రివెట్లే ఎందుకు వాడారు?

బండి ఎగుడుదిగుడు దారిలో నడిచినప్పుడు ఛాసీ ప్రతి క్షణం కొద్దికొద్దిగా మెలిపడుతూ ఉంటుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారి, ఆ అంచునుంచి పగుళ్లు మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. రివెట్ అతుకులో అలాంటి వేడి మచ్చ ఉండదు, మరలు లేవు కాబట్టి అదురుకు వదులు కాదు, కర్మాగారంలో వేగంగా వేయవచ్చు కూడా.

నా ఛాసీ ఈ శ్రమకు తగినదేనా అని ఎలా తెలుసుకోవాలి?

రివెట్ల చుట్టూ ఉన్న చోటును తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఉక్కు కంగున మోగుతుంది. లోపల పొరలుగా కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్ మొన గట్టిగా నొక్కితే దిగబడిపోయే చోటు ఉన్నా, ఒక రంధ్రంనుంచి మరో రంధ్రానికి పగులు పాకినా, రెండు రేకుల మధ్య తుప్పు పేరుకుని అవి విడిపోయి ఉబ్బినా, కేవలం బ్రాకెట్ మార్చడంతో పని ముగియదని అర్థం. అలాంటప్పుడు రివెట్లమీద చేయి వేయకముందే ఛాసీ పనివారికి చూపించండి. చానల్ మందం సగానికి సగం తిని ఉన్నచోట కొత్త బ్రాకెట్ ఎంత బలంగా బిగించినా నిలవదు.

రివెట్లు తీసే ముందు బండిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

గట్టి, చదునైన నేలమీద బండిని లేపి, ఛాసీ బరువును స్టాండ్లమీద మోపాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కింద ఏ పనీ చేయకూడదు. కమాన్ బ్రాకెట్ తీస్తున్నట్లయితే ఇరుసును వేరే జాకీతో పట్టి, కమాన్‌మీద బిగువు పూర్తిగా పోయేవరకు దించండి లేదా లేపండి. బిగువు మిగిలి ఉంటే ఆఖరి రివెట్ ఊడిన క్షణాన బ్రాకెట్ ఒక్కసారిగా ఎగురుతుంది. దీన్ని తేలికగా తీసుకోవద్దు.

బ్యాటరీ తీగలు విప్పండి. బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టాలు, వైర్లు చాలా బండ్లలో చానల్ లోపలి గోడకే అంటిపెట్టుకుని పోతాయి. వాటిని క్లిప్పులనుంచి విడదీసి దూరంగా కట్టేయాలి. ఇంధన ట్యాంకు దగ్గర నిప్పురవ్వలు పడే పని ఉంటే ట్యాంకును బండినుంచే తీసి బయట పెట్టండి. ఖాళీ ట్యాంకు సురక్షితమని అనుకోవడం ప్రాణాలమీదికి తెచ్చే పొరపాటు, ఎందుకంటే లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలగలదు. గ్రైండర్ రవ్వలు అద్దాలలో గుచ్చుకుని పోని మచ్చలు మిగులుస్తాయి కాబట్టి అద్దాలను మందపాటి గుడ్డతో కప్పండి. పాత బండ్ల రంగులో సీసం ఉండవచ్చు కనుక దుమ్ముకు తగిన మాస్కు తప్పనిసరి, కళ్లద్దాలూ చెవి రక్షణా ఎలాగూ ఉండాలి.

అన్ని రివెట్లనూ ఒకేసారి తీసేస్తే పని సులువవుతుంది కదా?

పని సులువవుతుంది, ఛాసీ వంకర పోతుంది. రెండు చానళ్ల మధ్య దూరాన్నీ, మూలలు వంకర పోకుండా ఛాసీ ఆకారాన్నీ కాపాడేవి క్రాస్ మెంబర్లే. మొదటి రివెట్ తీయకముందే ఒక మూలనుంచి ఎదురు మూలకు రెండు దిశల్లోనూ కొలతలు తీసుకుని రాసిపెట్టుకోండి. ఛాసీమీద పంచ్‌తో (సుత్తితో కొట్టి గుంట పెట్టే మొన కడ్డీతో) గుర్తులు పెట్టుకుంటే మళ్లీ అవే బిందువులనుంచి కొలవవచ్చు. ఒక సమయంలో ఒక క్రాస్ మెంబర్‌ను మాత్రమే తీయండి. తీసిన ప్రతి రివెట్ స్థానంలో తాత్కాలికంగా ఒక బోల్టు దూర్చి బిగిస్తూ పోతే, చివరి రివెట్ ఊడేసరికి ఆ భాగం బోల్టులమీద నిలబడి ఉంటుంది. క్యాబిన్, వెనక తొట్టి బండిమీదనే ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఏ పనిముట్లు నిజంగా అవసరం?

యాంగిల్ గ్రైండర్, దానికి పలుచని కటింగ్ డిస్కులు, ఒక ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితపు ముక్కలు పేర్చిన, నునుపు చేసే చక్రం). పదునైన సెంటర్ పంచ్. వేగం తగ్గించుకోగల డ్రిల్ మెషీన్, కోబాల్ట్ కలిసిన ఉక్కు బిట్లు. ఇనుము కోసే గట్టి ఉలి. కాడను తోయడానికి వేర్వేరు లావుల్లో పొట్టి మొద్దు పంచ్‌లు. రెండు కిలోల సుత్తి. ఎదురు పట్టడానికి ఒక బరువైన ఇనుప దిమ్మ. వీటితో దాదాపు ప్రతి రివెట్‌నూ తీయవచ్చు. గ్రైండర్ డిస్కుమీద రాసిన గరిష్ఠ వేగం మీ గ్రైండర్ వేగంకంటే ఎక్కువగా ఉండాలి, 125 మి.మీ. డిస్కుకు అది సాధారణంగా నిమిషానికి 12,200 చుట్లు.

పనిముట్ల జాబితాలో ఎక్కువమంది మరిచేది ఇనుప దిమ్మను. అన్నిటికంటే చవకైన ఆ వస్తువే అన్నిటికంటే ఎక్కువ ఆదుకుంటుంది.

తల చూసి రివెట్ లావు చెప్పవచ్చా?

దాదాపుగా చెప్పవచ్చు. గుండ్రని తల వెడల్పు కాడ లావుకు సుమారు 1.6 నుంచి 1.75 రెట్లు ఉంటుంది. తల 16 మి.మీ. చుట్టుపక్కల ఉంటే కాడ 9.5 మి.మీ., అంటే 3/8 అంగుళం కావచ్చు; 19 మి.మీ. ఉంటే 7/16 అంగుళం, 22 మి.మీ. ఉంటే 1/2 అంగుళం. తుప్పు పట్టిన తలను బట్టి ఖాయం చేసుకోకండి. కొత్త బోల్టులు కొనేది రివెట్ తీసిన తరువాత రంధ్రాన్ని వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) కొలిచాకే.

## తల తీసేటప్పుడు

తలను తీయడానికి అన్నిటికంటే మంచి పద్ధతి ఏది?

కటింగ్ డిస్కుతో తలను కూడిక గుర్తులా రెండుసార్లు కోసి, ఆ ముక్కలను ఉలితో ఎగరగొట్టడమే మా అభిప్రాయంలో మేలైన పద్ధతి. తలను నిలువుగా, అడ్డంగా కోసేటప్పుడు రేకుకు ఒక మిల్లీమీటరు దూరంలో ఆగాలి. డిస్కు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కోత తల మధ్యలో లోతుగా, అంచుల్లో తక్కువగా పడుతుందని గుర్తుంచుకుని, గ్రైండర్‌ను కొద్దిగా ఊపుతూ లోతును సమం చేసుకోండి. నాలుగు ముక్కలైన తలకు పట్టు తగ్గిపోతుంది. ఉలిని రేకుకు దాదాపు ఆనించి, దాని చదును వైపు రేకుమీద ఉండేలా పట్టి కొడితే ఒక్కో ముక్క విరిగి పడుతుంది. కోయని తలమీద అదే ఉలితో ఎంతసేపు కొట్టినా అంచు మొద్దుబారడం తప్ప ఫలితం ఉండదు.

ఉలి వెనక కొస దెబ్బలకు పువ్వులా విచ్చుకుని ఉంటే ముందు దాన్ని అరగదీయండి. ఆ అంచునుంచి ఎగిరే పెచ్చులు కంట్లో పడగలవు.

గ్రైండర్‌తో తల మొత్తం అరగదీస్తే సరిపోదా?

సరిపోతుంది. కాని సమయం ఎక్కువ పడుతుంది, చివర్లో చేయి కొద్దిగా జారినా డిస్కు అంచు చానల్‌లోకి దిగుతుంది. చానల్ పై అంచుమీదా కింది అంచుమీదా అడ్డంగా పడిన గాటు, బండి బరువు మోస్తున్నప్పుడు పగులుకు మొదలు అవుతుంది. అందువల్ల తలలో అర మిల్లీమీటరు మిగిల్చి, ఆ పలుచని పొరను ఉలితో లేపేయండి. తేలికపాటి గాటు ఇప్పటికే పడి ఉంటే, ఫ్లాప్ డిస్కుతో చానల్ పొడవు దిశలో రుద్దుతూ గాటు అంచులు కనిపించకుండా సమంగా కలిపేయాలి. వేలిగోరు ఆగేంత లోతైన గాటు అలా పోకపోతే దాన్ని ఛాసీ వెల్డింగ్ తెలిసినవారే సరిచేయాలి.

రెండు తలల్లో ఏ వైపుది తీయాలి?

సుత్తి ఊపడానికి చోటున్న వైపుది. కాడ అవతలి వైపు బయటికి వస్తుంది, అక్కడ దానికి తన పొడవంత ఖాళీ ఉంటే చాలు. సుత్తికి మాత్రం చేయంత ఖాళీ కావాలి.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. రెండు భాగాల్లో ఒకటి ఎలాగూ పారేసేదైతే, వీలైనంతవరకు ఆ భాగం ఉన్న వైపునుంచే పని చేయండి. అప్పుడు గ్రైండర్ జారినా, ఉలి గీరినా, డ్రిల్ పక్కకు పోయినా ఆ దెబ్బ పాత బ్రాకెట్‌మీద పడుతుంది, చానల్‌మీద కాదు. ఉంచుకోవలసిన వైపును కాపాడటమే ఈ పనిలో మొదటి లెక్క. రివెట్ ఎటూ పోయేదే.

గ్రైండర్ పట్టే చోటే లేదు. ఏం చేయాలి?

పారేసే బ్రాకెట్ అయితే దాన్నే ముక్కలుగా కోసేయండి. రివెట్ల చుట్టూ చిన్న చిన్న బిళ్లలు మాత్రం మిగిలేలా బ్రాకెట్‌ను కోసి తీసేస్తే, అంతకుముందు కనిపించని తలలన్నీ బయటపడతాయి, ఒక్కో బిళ్లను మెలితిప్పి లేపవచ్చు కూడా. బ్రాకెట్‌ను ఉంచుకోవలసి వస్తే సన్నని డై గ్రైండర్‌కు (ఇరుకులో పట్టే చిన్న గ్రైండర్‌కు) కార్బైడ్ బర్ (ఉక్కును తొలిచే గట్టి పళ్ల మొన) తగిలించి తలను లోపలినుంచి తొలచవచ్చు, లేదా పొడవాటి బిట్‌తో దూరంనుంచి డ్రిల్ చేయవచ్చు. సైలెన్సర్ గొట్టమో ట్యాంకో అడ్డుగా ఉంటే దాన్ని విప్పడానికి వెనకాడకండి. విప్పే శ్రమను తప్పించుకోవడానికి ఇరుకులో తంటాలు పడినవారు చివరికి దాన్ని విప్పక తప్పని పరిస్థితికే వస్తారు.

ఎయిర్ హామర్ (గాలి ఒత్తిడితో వేగంగా కొట్టే సుత్తి) లేకుండా ఈ పని అవుతుందా?

అవుతుంది, ఎక్కువ ఓపిక కావాలి. ఎయిర్ హామర్ కొనదలచినవారు ఒక విషయం గమనించాలి: బాడీ రేకులు కోయడానికి అమ్మే పొట్టి హామర్లు ఛాసీ రివెట్లకు చాలవు. పిస్టన్ పొడవుగా నడిచే రకం కావాలి, కంప్రెసర్ కూడా సుమారు 90 పీఎస్ఐ ఒత్తిడిని పడిపోకుండా ఇవ్వగలగాలి. కంప్రెసర్ లేనివారు గోడలు పగలగొట్టే ఎలక్ట్రిక్ రోటరీ హామర్‌ను తిరగకుండా కొట్టే స్థితిలో పెట్టి, ఉలి బిట్‌తో వాడుకోవచ్చు. అది బరువైనదైనా పనికి లొంగుతుంది. ఏది వాడినా అదురు చేతి నరాలకు మంచిది కాదు కాబట్టి మధ్యమధ్య ఆగండి.

## కాడను బయటికి తీసేటప్పుడు

తల పోయింది, కాని ఎంత కొట్టినా కాడ కదలడం లేదు. తప్పు ఎక్కడుంది?

ఎక్కువసార్లు తప్పు సుత్తిలోనో చేతిలోనో ఉండదు. చానల్ ఊగడంలో ఉంటుంది. పొడవాటి చానల్ మధ్యలో కొట్టిన దెబ్బను చానల్ కొద్దిగా వంగి, తిరిగి లేచి తనలోనే మింగేస్తుంది, కాడకు చేరేది అందులో కొంతే. కాడ బయటికి రావలసిన వైపున, రంధ్రానికి ఆనుకుని, దానికి అడ్డం రాకుండా బరువైన ఇనుప దిమ్మను మరొకరిచేత గట్టిగా పట్టించండి. ఒక్కరే ఉంటే స్టాండు, జాకీల సాయంతో దిమ్మను చానల్‌కు ఆనించి బిగించండి. దిమ్మ పెట్టిన మరుక్షణం సుత్తి మోత మారుతుంది. ఆ మార్పు వినిపించిందంటే దెబ్బ కాడకు చేరుతున్నట్టే.

రెండో కారణం చిన్న సుత్తితో ఎక్కువ దెబ్బలు కొట్టడం. తేలికపాటి దెబ్బలు కాడను కదిలించవు, దాని పై కొసను మాత్రం చితకగొట్టి విప్పారేలా చేస్తాయి, దానితో రంధ్రంలో అది మరింత బిగుసుకుంటుంది. బరువైన సుత్తితో తక్కువ దెబ్బలు, కాడ లావుకంటే కొద్దిగా సన్నని పొట్టి పంచ్‌మీద నిటారుగా కొట్టాలి. మూడోది, తల తాలూకు పలుచని అంచు రంధ్రం చుట్టూ ఇంకా అంటుకుని ఉండటం. కొట్టేముందు దాన్ని పూర్తిగా శుభ్రం చేయండి.

ఇవన్నీ సరిచేసుకుని, గట్టిగా పది దెబ్బలు వేసినా కదలకపోతే ఆగిపోండి. అది రెండు రేకుల రంధ్రాలు సరిగ్గా కలవక మధ్యలో మెట్టు పడిన కాడ అయి ఉంటుంది, దాన్ని బలంతో గెలవడం కష్టం. మధ్యలో డ్రిల్ చేసి గుల్ల చేస్తే గోడలు లోపలికి కుంగి బిగువు వదులుతుంది, అప్పుడు అదే సుత్తికి లొంగుతుంది.

కాడను ఎంత లావు బిట్‌తో డ్రిల్ చేయాలి?

కాడ లావులో మూడింట రెండు వంతులు మంచి కొలత. 9.5 మి.మీ. కాడకు 6 నుంచి 6.5, 11 మి.మీ. కాడకు 7 నుంచి 8, 12.7 మి.మీ. కాడకు 8 నుంచి 9 మి.మీ. బిట్ సరిపోతుంది. ముందు 3 లేదా 4 మి.మీ. బిట్‌తో దారి చేసి ఆ తరువాత పెద్దది వాడండి. కాడ మొత్తాన్నీ డ్రిల్‌తోనే తినేయాలని దాని పూర్తి లావు బిట్ ఎక్కించకండి, ఎందుకంటే ఒక వెంట్రుకవాసి పక్కకు పోయినా అది చానల్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. చుట్టూ పలుచని గొట్టంలా కాడ మిగిలి ఉండటమే రంధ్రానికి రక్షణ. పైనుంచి కింది వరకు పూర్తిగా డ్రిల్ చేయలేకపోయినా, రెండు రేకులు కలిసే చోటును దాటి కొంత లోతుకు వెళ్తే చాలావరకు ఫలితం కనిపిస్తుంది.

కాడ మధ్యభాగం ఎక్కడుందో తెలియడం లేదు. తల మధ్యలో పంచ్ వేయవచ్చా?

తల మధ్యను నమ్మకండి. చాలా రివెట్లకు తల కాడమీద ఒక పక్కకు జరిగి ఉంటుంది. తలను రేకు సమానంగా తీసేసి, ఆ చోటును సన్నని ఫ్లాప్ డిస్కుతో నునుపు చేయండి. కాడకూ రేకుకూ మధ్య వెంట్రుకలాంటి గుండ్రని గీత కనిపిస్తుంది. కనిపించకపోతే కాడమీద ఒకటి రెండు గట్టి దెబ్బలు వేసి చూడండి, తుప్పు రాలి గీత తేలుతుంది. ఆ వలయం మధ్యను కొలిచి గుర్తుపెట్టి, ముందు తేలికగా పంచ్ వేసి, సరిగా పడిందని చూసుకున్నాక లోతుగా కొట్టండి. బిట్ జారకుండా ఉండటానికి ఆ గుంట బిట్ మొనకంటే వెడల్పుగా ఉండాలి.

డ్రిల్ బిట్లు పొగలొచ్చి మొద్దుబారిపోతున్నాయి. రివెట్ అంత గట్టిదా?

కాదు. రివెట్లు సాధారణంగా మెత్తని, కార్బన్ తక్కువగా ఉన్న ఉక్కుతో చేసినవే, లేకపోతే అవి తలగా సాగేవి కావు. బిట్లు పాడయ్యేది వేగంవల్ల. 10 మి.మీ. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్‌కు నిమిషానికి 800 చుట్లు పై హద్దు, చేతి డ్రిల్‌తో 500 చుట్టూ ఉంచడం మేలు, 5 మి.మీ. బిట్‌కు 1,500 దాటనక్కర లేదు. వేగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, కటింగ్ ఆయిల్ ధారాళంగా ఉండాలి. చుట్టలు చుట్టలుగా ఉక్కు పీలికలు వస్తుంటే అంతా సరిగా ఉన్నట్టు; పొడిలా రాలుతూ కీచుమంటుంటే బిట్ కోయడం మాని రుద్దుతున్నట్టు. రుద్దిన చోటు పైపొర గట్టిపడి తరువాతి బిట్‌ను కూడా తినేస్తుంది, కాబట్టి కీచుశబ్దం వినగానే ఆపి, బిట్‌కు సాన పెట్టి లేదా కొత్తది తీసుకుని, గట్టిగా నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

డ్రిల్ పక్కకు పోయి ఛాసీ రంధ్రం పాడైంది. ఇప్పుడెలా?

ముందు రివెట్ మిగిలిన భాగాన్ని తీసేసి, రంధ్రాన్ని అన్ని దిశల్లోనూ కొలవండి. తేడా స్వల్పమైతే తరువాతి లావు బోల్టుకు సరిపోయేలా రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచి నునుపు చేసే పనిముట్టుతో) రంధ్రాన్ని గుండ్రంగా పెంచవచ్చు. రంధ్రానికీ చానల్ అంచుకూ మధ్య తగినంత లోహం మిగలాలి, కనీసం బోల్టు లావుకు ఒకటిన్నర రెట్లు దూరం రంధ్రం మధ్యనుంచి అంచుకు ఉండాలి. అంత చోటు లేకపోతే రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ డ్రిల్ చేయడం ఒక మార్గం, అయితే అది మెత్తని ఉక్కు ఛాసీలకే వర్తిస్తుంది, అనుభవజ్ఞుడైన వెల్డర్ చేయవలసిన పని. పక్కన కొత్త రంధ్రం వేసి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు, దగ్గర దగ్గరగా ఉన్న రంధ్రాల మధ్యనే చానల్ చీలుతుంది.

తుప్పు వదిలించే నూనె ముందురోజే పోసి ఉంచితే ఉపయోగమా?

రెండు తలలూ ఉన్నంతవరకు పెద్దగా ఉండదు, నూనె లోపలికి దిగే దారి లేదు. తల తీశాక పోస్తే కొంత సాయపడుతుంది. నూనె పోసిన చోట మాత్రం ఆ తరువాత మంట పెట్టవద్దు.

బిట్ విరిగి కాడలోనే ఇరుక్కుపోయింది.

దాన్ని విడిగా తీసే ప్రయత్నం మానండి. అవతలి వైపునుంచి డ్రిల్ చేసి కాడతోపాటే దాన్నీ కొట్టి బయటికి పంపవచ్చు. అవతలివైపు చేయి పోకపోతే కార్బైడ్ బర్‌తో బిట్ చుట్టూ ఉన్న మెత్తని ఉక్కును తొలచాలి.

నా ఛాసీ నాలుగు వైపులా మూసిన పెట్టె ఆకారంలో ఉంది. కాడ లోపల పడిపోతే?

పడిపోతుంది, దానివల్ల బలానికి నష్టమేమీ లేదు, బండి నడిచినంతకాలం గలగలమంటుంది. అందుకు దగ్గరి రంధ్రంలోనుంచి వంగే కడ్డీకి కట్టిన అయస్కాంతాన్ని పంపి తీయండి. తడి చేరి తుప్పుకు కారణం కాకుండా, పని ముగిశాక లోపలి ఉక్కు పొడినంతా గాలితో ఊదేయాలి.

## మంట వాడేటప్పుడు

గ్యాస్ కటింగ్‌తో తల ఎగరగొడితే నిమిషాల్లో అయిపోతుంది కదా?

చేయి తిరిగినవారి చేతిలో అది నిజమే. తలకూ రేకుకూ మధ్య ఉండే తుప్పు, రంగుల పలుచని పొర వేడిని కొంత అడ్డుకుంటుంది; తల కోతకు తగిన వేడికి వచ్చినా రేకు ఇంకా చల్లగా ఉండే ఆ కొద్ది వ్యవధిలో, నిపుణుడు ఆక్సిజన్ ధారను రేకుకు సమాంతరంగా నడిపి తలను మాత్రమే ఊడ్చేస్తాడు. ఈ నైపుణ్యం లేనివారు నేర్చుకోవడానికి తమ ఛాసీ తగిన చోటు కాదు. పాత ఇనుప ముక్కలకు ఉన్న రివెట్లమీద సాధన చేయాలి. ఒక్క క్షణం ధార వంగినా చానల్‌లో గుంట పడుతుంది.

బరువైన పనికి చేసిన కొన్ని ట్రక్కుల చానళ్లు వేడిచికిత్స చేసిన ఉక్కుతో ఉంటాయి. వాటిమీద కోయకూడదు, వెల్డింగ్ చేయకూడదు అని చానల్‌మీదే హెచ్చరిక అంటించి ఉండవచ్చు. అలాంటి ఛాసీలకు మంట చూపించనే కూడదు. వేడి తగిలినచోట వాటి బలం తగ్గిపోతుంది.

తల కోయకుండా, కాడను మాత్రం వేడిచేసి వదులు చేయవచ్చా?

మామూలు ఉక్కు ఛాసీ అయితే, ఒక తల తీసేశాక ఇది చాలా బాగా పనిచేస్తుంది. సన్నని మంటతో కాడ మధ్యను మాత్రమే ఎర్రగా కాల్చండి. వేడెక్కిన కాడ వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ చల్లగా ఉన్న రేకు దానికి చోటివ్వదు, దానితో మెత్తబడిన ఉక్కు పొడవు వైపుకు నలుగుతుంది. తిరిగి చల్లారినప్పుడు అది మునుపటికంటే సన్నబడి రంధ్రాన్ని వదిలిపెడుతుంది. ఈ లాభమంతా చల్లారాకే వస్తుంది కాబట్టి ఎర్రగా ఉన్నప్పుడే కొట్టాలని తొందరపడవద్దు. నీళ్లు చల్లకుండా దానంతట దాన్ని చల్లారనివ్వండి.

మంట, గ్రైండర్ పని ముగిశాక ఎంతసేపు కాపలా ఉండాలి?

కనీసం అరగంట, వీలైతే గంట. ఛాసీకి పూసిన తారులాంటి పూత, చానల్‌లో పేరుకున్న గ్రీజు, ఎండుటాకులు పొగ కనిపించకుండా రాజుకుంటాయి. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. మంట చూపబోయే చోటును క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడగకండి, వేడి తగిలితే అది ఫాస్జీన్ అనే విషవాయువును పుట్టించగలదు.

## రంధ్రం ఖాళీ అయిన తరువాత

కొత్త రివెట్లే వేయాలా, బోల్టులు చాలా?

సరిగా ఎంచిన బోల్టులు చాలు. బోల్టు బలాన్ని తెలిపే తరగతుల్లో, అంగుళాల కొలత బోల్టులకు గ్రేడ్ 8, లేదా మెట్రిక్‌లో 10.9 తరగతి వాడండి. గ్రేడ్ 8 బోల్టు తలమీద ఆరు గీతలుంటాయి, మెట్రిక్ బోల్టు తలమీద 10.9 అని అచ్చు ఉంటుంది. గీతలూ అంకెలూ ఏవీ లేని బోల్టు ఛాసీకి పనికిరాదు.

బోల్టు బలంకంటే దాని కూర్పు ముఖ్యం. రివెట్ రంధ్రాన్ని పూర్తిగా నింపింది; బోల్టు దానికి వీలైనంత దగ్గరగా రావాలి. అందుకే రంధ్రాన్ని కొలిచి, అవసరమైతే రీమర్‌తో తరువాతి కొలతకు సరిచేసి, బోల్టు చేత్తో నొక్కితేనో తేలికగా తడితేనో దిగేంత బిగుతుగా అమర్చాలి. రెండు రేకులు కలిసే చోట బోల్టుకు మరలు లేని నునుపు భాగం రావాలి, అక్కడ మరలుంటే కోత బలం తగ్గుతుంది. ఇందుకు తగిన పొడవు ఎంచడం కొంత విసుగు పుట్టించే పనే, కాని వదులు రంధ్రంలో వేసిన మంచి బోల్టుకంటే బిగుతు రంధ్రంలో వేసిన మామూలు కొలత బోల్టు ఎక్కువకాలం నిలుస్తుంది.

బ్రాకెట్‌ను బోల్టులకు బదులు వెల్డింగ్ చేసేస్తే?

వద్దు. ఆ చోట రివెట్లు పెట్టిన కారణమే వెల్డింగ్ వేడికి చానల్ పగిలే ప్రమాదాన్ని తప్పించడం.

కొత్త భాగం బిగించే ముందు చానల్‌ను ఎలా తయారుచేయాలి?

రంధ్రాల అంచుల్లోని గరుకును తీసేసి, చుట్టూ తళతళలాడేలా శుభ్రం చేసి, పగుళ్లను చూపే రంగు ద్రవంతో ప్రతి రంధ్రం చుట్టూ పరీక్షించండి. కంటికి కనిపించని పగులు ఈ దశలో దొరికితే బాగుచేయడం సులువు. తరువాత రెండు భాగాల కలిసే ముఖాలకూ జింక్ ప్రైమర్ ఒక్క పలుచని పూత చాలు. ఇక్కడ మందంగా రంగు వేయడం చాలామంది చేసే పొరపాటు: బోల్టు బిగువు కింద ఆ రంగు కాలక్రమేణా నలిగి పలుచబడుతుంది, అంత మేరకు బోల్టు వదులవుతుంది. మందపాటి రంగు బిగింపు ముగిశాక బయటినుంచి వేయండి.

నట్లు వదులు కాకుండా ఏం చేయాలి?

స్ప్రింగ్ వాషర్లమీద ఆధారపడకండి. గట్టిపరచిన చదును వాషర్లు, పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లు వాడండి. నైలాన్ వలయం ఉన్న నట్లు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటితే పట్టు కోల్పోతాయి కాబట్టి సైలెన్సర్ గొట్టం దగ్గర అవి పనికిరావు. బిగింపును టార్క్ రెంచ్‌తోనే (తిప్పే బలాన్ని కొలిచే పానాతోనే) చేయండి. బోల్టు బిగింపు పట్టికలోని అంకె పొడి మరలకా, నూనె రాసిన మరలకా అన్నది చూసుకోవాలి, నూనె ఉన్నప్పుడు అదే అంకెకు బోల్టు అవసరానికి మించి సాగుతుంది. వీలైనచోట బోల్టు తలను కదలకుండా పట్టుకుని నట్టును తిప్పండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ప్రతి బోల్టునూ మళ్లీ పరీక్షించాలి; నట్టుమీదా రేకుమీదా కలిపి రంగుతో ఒక గీత గీసి ఉంచితే, కదిలిన నట్టు ఏదో కింద పడుకుని చూసిన వెంటనే తెలుస్తుంది.